పెద్దల అమావాస్య నాటి ఇటాలియన్ పరీక్ష

2023 జూలై 3, సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు పెనుకొండలో ఇటాలియన్ భాషా శిక్షకురాలిగా చేరాను. అప్పటికి నాకు అరవై ఆరేళ్ళు. బెంగళూరులో యంత్రాలు తయారుచేసే ఒక కర్మాగారంలో ముప్పై ఒక్క సంవత్సరాలు సాంకేతిక అనువాదకురాలిగా పనిచేసి, సీనియర్ ట్రాన్స్‌లేటర్ హోదాలో రిటైరై, సొంత ఊరు హిందూపురం వచ్చి స్థిరపడ్డాను. ఇటలీ నుంచి వచ్చే మాన్యువళ్ళను ఇంగ్లీషులోకి మార్చడం, ఆ దేశపు ఇంజనీర్లకూ మన మెకానిక్కులకూ మధ్య దుభాషిగా నిలబడడం నా ఉద్యోగం. యంత్రాల మాటలు తెలిసిన నాకు మనుషులకు భాష నేర్పడం మాత్రం అదే మొదలు.

విదేశాల ఆసుపత్రులకు నర్సులను పంపే ఒక ప్రైవేటు సంస్థ ఆ శిక్షణ కేంద్రాన్ని తెరిచింది. ధర్మవరం వైపు నుంచి వచ్చేవాళ్ళకూ హిందూపురం వైపు నుంచి వచ్చేవాళ్ళకూ పెనుకొండ నడుమ ఊరు గనుక అక్కడ పెట్టారు. ఎరువుల అంగడి మీద మిద్దె, ఒక పెద్ద గది, ఒక చిన్న గది. మేనేజరు పేరు ఓబులేసు. అంతకు ముందు అదే గదిలో ఎర్రమంచిలో కొరియావాళ్ళ కార్ల ఫ్యాక్టరీలో పని కోరుకునే పిల్లలకు కొరియన్ క్లాసులు నడిపించాడు. నేను చేరిన వారంలోనే కింద టీ అంగడి దగ్గర అతణ్ణి ఎవరో ఆటపట్టించడం నా చెవిన పడింది.

“కొరియా అయిపాయ, ఇంగ ఇటలీనా? చంద్రమండలం క్లాసు ఎప్పుడు పెడతాండావు ఓబులేసప్పా?”

“ఆడ ఆసుపత్రి కట్టినాక పెడతా లేప్పా” అన్నాడు ఓబులేసు.

అమ్మాయిలు పద్దెనిమిది మంది. అందరూ నర్సింగు చదివి, రెండు మూడేళ్ళు ఆసుపత్రుల్లో పనిచేసి వచ్చినవాళ్ళే. పని వాళ్ళకు తెలుసు. భాష రావాలి. ఉద్యోగం ఇచ్చే ఇటలీ ఆసుపత్రివాళ్ళే పరీక్ష పెడతారు. రాత పరీక్ష కంప్యూటరు మీద జరుగుతుంది, దానికి నేను భయపడలేదు. గట్టిది మౌఖిక పరీక్ష. ఒక పెట్టెలో నలభై కార్డులుంటాయి. కార్డుకు ఒక క్రియ, నలభై క్రియలూ క్రమం తప్పినవే. అభ్యర్థి మూడు కార్డులు తీసి, ఒక్కో క్రియను ఆరు రూపాలలో ఆగకుండా చెప్పాలి. ఆ తర్వాత ఆసుపత్రిలో జరిగే ఒక సందర్భం ఇస్తారు, దాని మీద మాట్లాడాలి. మొత్తం ముప్పై మార్కులు, పద్దెనిమిది వస్తే గట్టెక్కినట్టు. రెండుసార్లు తప్పినవాళ్ళ పేరు సంస్థ తన జాబితా నుంచి తీసేస్తుంది. ఆ బ్యాచ్‌లో ఒకసారి తప్పి వచ్చినది ఒక్కతే. పేరు నాగరత్న, చెన్నేకొత్తపల్లి దగ్గరి ఊరు, గొర్రెలు మేపే ఇంటి పిల్ల. ఆ ఏడాది మార్చిలో బెంగళూరులో మౌఖిక పరీక్షకు కూర్చుని, సందర్భం ఇచ్చాక ఒక్క మాటా మాట్లాడకుండా లేచి వచ్చిందని ఆమె కాగితాల మీద రాసి ఉంది. ఎందుకో రాసి లేదు.

ఈ క్రియల సంగతి కొంచెం చెప్పాలి. ఇటాలియన్‌లో క్రియ చివర చూస్తే పని ఎవరు చేస్తున్నారో తెలిసిపోతుంది. నేను, నువ్వు, అతను లేదా ఆమె, మేము, మీరు, వాళ్ళు అని ఆరుగురికి ఆరు రూపాలు. మనకు ఇది కొత్త కాదు. వస్తాను, వస్తావు, వస్తాడు అని మనమూ అంటాం. చాలా క్రియలు ఒక అచ్చులో పోసినట్టు నడుస్తాయి. రోజూ వాడి వాడి అరిగిన క్రియలు మాత్రం క్రమం తప్పుతాయి. మనం ‘వచ్చాడు’ అంటాం గానీ పిలిచేటప్పుడు ‘రా’ అంటాం. ఈ రెండింటికీ పోలిక ఎక్కడుందని పరాయివాడు అడిగితే మన దగ్గర జవాబు లేదు. ఇటాలియన్‌లో రావడం అన్న క్రియ చూడండి: వెంగో, వియేని, వియేనె, వెనియామో, వెనీతె, వెంగొనో. ఇందులో ‘మేము, మీరు’ అనే ఇద్దరూ పుట్టింటి చీరలోనే ఉంటారు, మిగతా నలుగురూ వేషం మారుస్తారు. ఈ ఒక్క సూత్రం చెప్పిన రోజు క్లాసు క్లాసంతా ఉలిక్కిపడి లేచింది. ధర్మవరం అమ్మాయి జయలక్ష్మి బోర్డు దగ్గరికి వచ్చి, నేను చెప్పని క్రియలకు కూడా ఎవరు చీర మారుస్తారో ఎవరు మార్చరో వేలు పెట్టి చూపించింది. మగ్గాల ఇంటి పిల్ల, నోరు బాకు. పదింటికి ఎనిమిది సరిగ్గా చెప్పింది. ముప్పై ఒక్క సంవత్సరాలు కాగితాలతో కాపురం చేసిన నాకు ఆ రోజు ఇంటికి వెళ్ళినా కాళ్ళు నేల మీద నిలవలేదు.

రోజూ సాధన గుండ్రంగా కూర్చుని చేయించేదాన్ని. నేను క్రియ చెప్పి చప్పట్లు కొడతాను. మొదటి పిల్ల ‘నేను’ రూపం, రెండో పిల్ల ‘నువ్వు’ రూపం, అలా చుట్టు తిరగాలి. ఎవరు తడబడినా మళ్ళీ మొదటి నుంచి. నాలుగో వారానికి ఒక క్రియ చుట్టు తిరగడానికి అంతకు ముందు పట్టిన సమయంలో మూడో వంతు పట్టేది. కిందికి వినబడి ఎరువుల అంగడి ఆసామి ఓసారి పైకి వచ్చాడు. యాగం ఏమైనా చేస్తున్నారేమో, ప్రసాదం ఉంటుందేమో అని వచ్చాడట.

నాలుగో వారంలోనే ఒక చిన్న విషయం గమనించాను. వెళ్ళడం అన్న క్రియ నేర్పి, సాయంత్రం ఒక్కొక్కరూ ‘నేను ఇంటికి వెళుతున్నాను’ అని ఇటాలియన్‌లో చెప్పి మెట్లు దిగాలని నియమం పెట్టాను. ‘వాదో’ అనాలి. ఒక్కరూ అనలేదు. పద్దెనిమిది మందీ “వెంగో మేడం!” అని దిగిపోయారు. వెంగో అంటే వస్తున్నాను అని. రెండు క్రియలూ కలగాపులగం అయ్యాయేమోనని మరునాడు పరీక్ష పెడితే ఒక్క తప్పు లేదు.

“తెలీక కాదు మేడం” అంది జయలక్ష్మి. “ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు పోతా అంటామా యాడన్నా? వస్తా అనల్ల.”

పరీక్షలో వాదో, మెట్ల మీద వెంగో అని బోర్డు మీద రాసి ఒప్పందం చేసుకున్నాం. అసలు గొడవ ముందుంది.

నేను క్రియలను కష్టాన్ని బట్టి వరస పెట్టాను, పంచాంగాన్ని బట్టి కాదు. ఆ వరసలో ‘మొరీరె’ అనే క్రియ ఆగస్టు 18, శుక్రవారానికి వచ్చింది. మొరీరె అంటే చనిపోవడం. ఆ శుక్రవారం నిజ శ్రావణంలో మొదటి శుక్రవారం. అమ్మాయిలు తలంటుకుని, పూలు పెట్టుకుని, కొందరు పట్టుచీరలతో వచ్చారు. నేను బోర్డు మీద మువోయో, మువోరి, మువోరె, మొరియామో, మొరీతె, మువోయొనో అని రాసి, అర్థం చెప్పి, చప్పట్లు కొట్టాను. మొదటి పిల్ల నోరు మూసుకుంది. ఆ పక్క పిల్ల కూడా. మళ్ళీ కొట్టాను.

“మేడం, శ్రావణ శుక్రవారం. దీపం పెట్టి వచ్చినాం” అంది జయలక్ష్మి. “పద్దెనిమిది మందిమి వరసగా నేను సస్తా, నువ్వు సస్తావు, మేము సస్తాం అంటే ఈ మిద్దె నిలబడ్తాదా?”

“కింద ఎరువులాయప్ప కూడా పాయె” అంది ఇంకొకతె.

“తథాస్తు దేవతలు ఈ పొద్దు ఈడనే తిరుగుతాంటారు మేడం.”

ఆసుపత్రిలో పనిచేసిన వాళ్ళు కదా, అక్కడ ఏమంటారని అడిగాను.

“పేషెంటు ఎక్స్‌పైర్డ్ అంటాం. ఇంగ్లీషులో అంటే తగల్దు.”

ఇటాలియన్‌లో అంటే మాత్రం ఎలా తగులుతుందన్నాను.

“మీరు అర్థం చెప్పకుంటే తగిలేది కాదు. ఇప్పుడు చెప్పేస్తిరి గదా!” అంది జయలక్ష్మి. గది గొల్లుమంది. నాకూ నవ్వు ఆగలేదు.

నవ్వనిది నాగరత్న ఒక్కతే. విరామంలో నా దగ్గరికి వచ్చి నిలబడింది. మార్చి పరీక్షలో ఆమెకు ఇచ్చిన సందర్భం ఇదట: రాత్రి రోగి చనిపోయాడు, పొద్దున అతని కొడుక్కి ఫోను చేసి చెప్పాలి.

“మాటలన్నీ తెలుసు మేడం. నోరు లెయ్యలే” అంది. “అనంతపురంలో మూడేండ్లు ఐసీయూలో చేసినా. ఒక్కసారి కూడా ఆ మాట నా నోట రాలే. మా అవ్వ రానియ్యదు.”

ఓబులేసును పిలిచి విషయం చెప్పాను. అతను తేలిగ్గా తీసుకున్నాడు. “నలభైలో ఒకటి మేడం. ఇడిసిపెడితే ఏమైతాది?” అన్నాడు. నేను బోర్డు మీద లెక్క వేసి చూపించాను. ఒక్కొక్కరూ మూడు కార్డులు తీస్తారు, తీసినవి మళ్ళీ పెట్టెలో కలుపుతారు. ఒక అమ్మాయికి ఆ కార్డు తగలకుండా ఉండే అవకాశం నలభైలో ముప్పై ఏడు. పద్దెనిమిది మందిలో ఎవరికీ తగలకుండా ఉండే అవకాశం నాలుగో వంతు కూడా లేదు. అంటే నాలుగింట మూడు పాళ్ళు అది ఎవరో ఒకరి చేతికి వచ్చి తీరుతుంది. ఎవరి చేతికి అన్నది మాత్రం లెక్కకు అందదు. అదిగాక ఆసుపత్రి సందర్భాలలో చావు రాకుండా ఎలా ఉంటుంది? ఓబులేసు లెక్కను మొదటి నుంచి ఇంకోసారి చదివి, “ఇడిసేదానికి కాదు” అన్నాడు.

దారి చూపింది జయలక్ష్మి. “మా ఇంట్లో ఎవరన్నా తుమ్మితే మా అవ్వ నూరేళ్ళు అంటాది మేడం. ఒకరు ఆ మాట అన్న వెంటనే మిగతావాళ్ళమంతా నూరేళ్ళు అంటే? ఇరుగుడు అయిపోతాది గదా.” మంచి ఆలోచన అనిపించింది. నాగరత్న మాత్రం ఒప్పుకోలేదు, అవ్వను అడగాలంది. అప్పటికప్పుడు ఫోను చేసి, స్పీకరు పెట్టి, బల్ల మీద ఉంచాం. అవతల గొర్రెల మెడగంటలు వినబడుతున్నాయి.

“ఎవురమ్మా, పంతులమ్మా?” అంది అవ్వ. నేను ఇది పరాయి భాషలో మాట, పరీక్షలో అడుగుతారు, చెప్పకపోతే ఉద్యోగం రాదు అని వివరించాను. ఆమె అంతా విని అంది: “నా మనవరాలు సావు పక్కన నిలబడి పని జేస్తాది పంతులమ్మా. పక్కనుండేదాన్ని పేరు పెట్టి పిలిస్తే తిరిగి సూడదా?”

జయలక్ష్మి ఉపాయం చెప్పి, అది చెల్లుతుందా అని అడిగాను. అవ్వ ఎవరినో గొర్రెలను మళ్ళించమని కేకేసి, మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చి తీర్పు చెప్పింది.

“సెల్తాది. అన్న నోరు మళ్ళీ ఊపిరి తీసుకునేలోపల యిన్నోళ్ళు అనల్ల. ఒగరు గాదు, అందరూ. తన కోసం తానే అనుకుంటే మాత్రం సెల్లదు, తెల్సునా?”

తెలిసింది అన్నాను. “నీకెన్నేండ్లు పంతులమ్మా?” అని అడిగింది. అరవై ఆరు అన్నాను. “ఇంగా ముప్పై నాలుగుండాయి గదా, భయమేలా? పాఠం సెప్పుకోపో” అని ఫోను పెట్టేసింది.

మొరీరెను శుక్రవారం నుంచి బుధవారానికి మార్చాను. అది తప్ప అవ్వ చట్టాన్ని అక్షరాలా అమలు చేశాం. మొదటి పిల్ల “ఇయో మువోయో” అనడం, మిగతా పదిహేడు మందీ ఊపిరి తీసేలోపల “నూరేళ్ళు!” అని అరవడం, రెండో పిల్ల “తూ మువోరి” అనడం, మళ్ళీ “నూరేళ్ళు!” అన్ని క్రియల్లోకీ అదే అందరికీ ఇష్టమైన క్రియ అయిపోయింది. అడగకపోయినా చెప్పేవాళ్ళు. సాయంత్రం హిందూపురం ప్యాసింజరులో నాతో పాటు ఎనిమిది మంది ఎక్కేవాళ్ళు. రైలు పెట్టెలో కూడా ఇదే సాధన. ఒక రైతు రెండు రోజులు విని, మూడో రోజు ఉండబట్టలేక అడిగాడు: “ఏమమ్మా, యా దేవుడి స్తోత్రమది?” అర్థం చెప్పగానే కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నాడు. విరుగుడు చెప్పాక కాళ్ళు దించి, మరుసటి రూపానికి అందరికన్నా గట్టిగా “నూరేళ్ళు” అన్నాడు. పది రోజులు గడిచేసరికి ఆ పెట్టెలో వేరుసెనక్కాయలు అమ్మే ఆమెతో సహా అందరూ అనేవాళ్ళు.

నాగరత్న కూడా చెప్పింది. మొదట్లో కళ్ళు మూసుకుని చెప్పేది, తర్వాత తెరిచి. కానీ సెప్టెంబరు చివర ఒకరోజు నన్ను పక్కకు పిలిచి ఒక ప్రశ్న వేసింది. “పరీక్ష గదిలో తలుపేసి నన్నొక్కదాన్నే కూర్చోబెడతారు. ఆడ ఎవరంటారు మేడం?”

ఇది నిజమైన చిక్కు. మేము బయట వరండాలో ఉంటాం, మనసులో అంటామన్నాను. ఆమె తల ఊపింది గానీ మొహం తేటపడలేదు. మిగతా అందరికీ నేను గట్టిగా హెచ్చరిక చేశాను. మౌఖిక పరీక్ష జరిగేటప్పుడు బయటి నుంచి అభ్యర్థికి ఏ మాట అందినా అది అందింపు కింద, అంటే జవాబు చెప్పిచ్చినట్టు లెక్క. ఆ అభ్యర్థి పరీక్ష అక్కడికక్కడే రద్దు. శిక్షకులు ఫలితాలు వచ్చేవరకూ పరీక్షకులతో ఒక్క మాట మాట్లాడకూడదు. అందుకని వరండాలో గుసగుస కూడా వినబడరాదు. అందరూ సరే అన్నారు.

పరీక్ష తేదీ ఆసుపత్రివాళ్ళు నిర్ణయించారు. 2023 అక్టోబరు 14, శనివారం, హిందూపురంలో ఒక డిగ్రీ కాలేజీలో. పంచాంగం చూసేవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. అది పెద్దల అమావాస్య. ఇళ్ళలో పోయినవాళ్ళను పిలిచి భోజనం పెట్టుకునే రోజు. ఓబులేసు తేదీ మార్చమని మెయిలు పెడితే వీలుకాదని గంటలో జవాబు వచ్చింది. “సరిపాయె, ఈ పొద్దు వాళ్ళు కూడా మన పక్కనే ఉంటారు. గట్టిగా అనల్ల నూరేళ్ళు” అంది జయలక్ష్మి, కాలేజీ గేటు దగ్గర. ఎవరూ నవ్వలేదు.

పరీక్షకులు ఇద్దరు. ప్రశ్నలడిగేది ఇటలీ నుంచి వచ్చిన ఆవిడ, యాభై దాటిన మనిషి. సిన్యోర అనాలి, అంటే అమ్మగారూ అన్నట్టు. మార్కులు వేసేది బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన. ఉదయం పదకొండు మంది అయ్యారు. తలుపు మూసి, ఏసీ వేసి, పద్ధతిగా నడిచింది. అయినవాళ్ళు కూడా ఎవరూ ఇళ్ళకు వెళ్ళకుండా వరండా బెంచీల మీదే కూర్చున్నారు. జయలక్ష్మికి వెళ్ళడం అన్న క్రియ వచ్చిందట, వాదో అని గడగడా చెప్పి వచ్చింది. మొరీరె కార్డు మధ్యాహ్నం వరకూ ఎవరికీ తగల్లేదు. నేను లెక్క వేయకుండా ఉండలేకపోయాను. వేసి ఊరుకున్నాను, ఎవరికీ చెప్పలేదు.

రెండింటికి కరెంటు పోయింది. మరమ్మతులట, నాలుగింటి దాకా రాదన్నారు. గది ఉడికిపోతోందని అటెండరు వచ్చి తలుపు బార్లా తీసి, మళ్ళీ మూసుకోకుండా ఒక ఇనుప కుర్చీ అడ్డం పెట్టాడు. ఆ తలుపుకు ఎదురుగానే మా బెంచీ. రెండున్నర దాటాక పదిహేడో నంబరు నాగరత్న లోపలికి వెళ్ళింది.

ఆమె వీపు మాత్రం నాకు కనబడుతోంది. మొదటి కార్డు చేయడం అన్న క్రియ. ఫాచ్చో, ఫాయ్, ఫా అని ఒక్క ఊపులో అయిపోయింది. రెండోది బయటికి వెళ్ళడం, అదీ అయింది. మూడో కార్డు తీసింది. ఆమె భుజాలు బిగుసుకున్న తీరు చూసి అదేమిటో నాకు తెలిసిపోయింది. నాకే కాదు, బెంచీ మీద అందరికీ తెలిసింది. ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. సిన్యోర కొంచెం ఆగి, “ప్రేగో” అంది, కానివ్వమ్మా అని. మళ్ళీ కొంచెం ఆగి ఇంకోసారి అంది. మార్చిలో కూడా ఇలాగే ఆగి ఉంటారు. బెంగళూరాయన కలం ఎత్తాడు.

“ఇయో మువోయో” అంది నాగరత్న.

“నూరేళ్ళు!”

కాలేజీ ప్రతిధ్వనించింది. ఎనిమిది వారాల అలవాటు. హెచ్చరికలూ నియమాలూ ఎవరికీ గుర్తుకు వచ్చే వ్యవధి లేదు, ఊపిరి తీసేలోపల అనాలి కదా. అన్నవి పందొమ్మిది గొంతులు. అమ్మాయిలు పదిహేడు మంది, ఓబులేసు ఒకడు. పందొమ్మిదోది ఎవరిదో చదువరులే లెక్క చూసుకోవచ్చు.

బెంగళూరాయన మార్కుల కాగితం పక్కకు జరిపి, గీతలున్న ఇంకో కాగితం ముందుకు లాగాడు. అక్రమాలు నమోదు చేసే కాగితం అది. సిన్యోర లేచి వాకిలి దగ్గరికి వచ్చి, ఇనుప కుర్చీ పక్కన నిలబడి, ఎవరు మాట్లాడారని అడిగింది. జయలక్ష్మి లేచి నిలబడింది. వెనకే అందరూ లేచారు. నేను నోరు తెరవబోతే లోపలి నుంచి ఆయన, శిక్షకులు మాట్లాడకూడదన్నాడు. నిజమే. కూర్చున్నాను. మార్చిలో ఒకటి, ఇప్పుడు ఒకటి, రెండూ అయ్యాయి. ఈ పిల్ల పేరు సోమవారానికి జాబితాలో ఉండదు అనుకున్నాను.

నాగరత్న కుర్చీ వెనక్కి నెట్టి లేచి, మా వైపు తిరిగింది. “సిన్యోర, వాళ్ళు నాకు జవాబు అందించలేదు” అని ఇటాలియన్‌లో మొదలుపెట్టింది. “జవాబు నాకు తెలుసు. ఈ మాట మా ఇంట్లో అనము. నేను అన్నాను. అందుకని వాళ్ళు నాకు నూరు సంవత్సరాలు ఇచ్చారు. మా అవ్వ ఇలా చెయ్యమంది. ఈ రోజు మా ఊళ్ళో పోయినవాళ్ళు అన్నానికి వచ్చే రోజు. పోయినసారి పరీక్షలో కూడా ఇదే మాట వచ్చింది, నేను అనలేకపోయాను. అప్పుడు బయట నా వాళ్ళు ఎవరూ లేరు.”

ఇంకా చాలా చెప్పింది. ఐసీయూ గురించి, గొర్రెల దగ్గర నిలబడి అవ్వ చెప్పిన తీర్పు గురించి. నేను వేళ్ళ మీద లెక్కపెడుతూ విన్నాను. పదకొండు అపక్రమ క్రియలు వాడింది, రావడం, చెప్పడం, తెలియడం, ఇవ్వడం, ఉండడం, అన్నీ ఉన్నాయి. తప్పులు మూడు. ఒక్క చోట కూడా ఆగలేదు. క్లాసులో పదిహేను వారాలలో ఈ పిల్ల ఒక్కసారిగా ఇన్ని వాక్యాలు మాట్లాడగా నేను వినలేదు. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందంటే, చప్పుడు ఆయనకు వినబడి అది కూడా అందింపు కింద రాస్తాడేమో అనిపించింది.

సిన్యోర అంతా విని, సరే, మిగతా ఐదు రూపాలూ చెప్పు, చూద్దాం అంది. తను వాకిట్లోనే నిలబడింది. బయట అమ్మాయిలు చున్నీల కొసలు నోట్లో కుక్కుకున్నారు.

రెండో రూపం ‘నువ్వు’. ఎదురుగా ఉన్నది సిన్యోర. నాగరత్న ఆమె కళ్ళలోకి చూసి “తూ మువోరి” అంది. నువ్వు చనిపోతావు.

సిన్యోర చెయ్యి చప్పున కిందికి వచ్చి ఇనుప కుర్చీని పట్టుకుంది.

నేను బెంచీ మీద నుంచి సగం లేచాను. నా సర్వీసులో ఎందరో ఇటలీ ఇంజనీర్లు యంత్రం పగిలితే, మనిషి పోతే అని మాట వచ్చినప్పుడల్లా పక్కనున్న ఇనుప ముక్కను ముట్టుకోవడం చూశాను. మనకు నూరేళ్ళు ఎలాగో వాళ్ళకు ఇనుము అలాగ. సిన్యోర కూడా తన చెయ్యి ఎక్కడుందో అప్పుడే చూసుకుంది. నాగరత్న కూడా చూసింది. తనకు తాను అనుకుంటే చెల్లదు గానీ ఎదుటి మనిషికి చెల్లుతుంది కదా.

“నూరేళ్ళు, సిన్యోర” అంది మెల్లగా.

ఆ మాటకు అర్థం అడిగింది ఆమె. “చెంతాన్ని” అని చెప్పింది నాగరత్న, నూరు సంవత్సరాలు అని. సిన్యోర పకపకా నవ్వింది. విందుల్లో గ్లాసు ఎత్తి వాళ్ళూ ఆ దీవెనే ఇస్తారట. తర్వాత వెనక్కి తిరిగి బెంగళూరాయనతో వాదించింది. మాకు వినబడుతూనే ఉంది. అందింపు అంటే జవాబుకు ముందు రావాలి, ఇది జవాబు తర్వాత వచ్చింది. అదీ పరీక్ష భాషలో రాలేదు. ఆయన నియమాల పుస్తకం తిరగేసి, చాలాసేపు చూసి, గీతల కాగితాన్ని మళ్ళీ సంచిలో పెట్టాడు.

సిన్యోర మా వైపు చూసి, రెండు చేతులూ పైకి ఎత్తింది, పాటగాళ్ళకు తాళం ఇచ్చేవాళ్ళలాగా. నాగరత్న “లూయి మువోరె” అంది. మేము “నూరేళ్ళు!” అన్నాం. “నోయి మొరియామో.” “నూరేళ్ళు!” కింది అంతస్తులో నుంచి అటెండరు పరుగెత్తి వచ్చాడు. “వోయి మొరీతె.” “నూరేళ్ళు!” “లోరో మువోయొనో.” ఆఖరిసారి అటెండరు కూడా అన్నాడు, ఎందుకో తెలియకుండానే. సందర్భం వేరే ఇవ్వలేదు, అంతకు ముందు నాగరత్న చెప్పుకున్నదే దాని కింద తీసుకున్నారు.

ఫలితాలు నవంబరు మొదటి వారంలో వచ్చాయి. పద్దెనిమిది మందిలో పదహారు మంది గట్టెక్కారు. నాగరత్నకు మౌఖికంలో ముప్పైకి ఇరవై నాలుగు. తగ్గిన ఆరింటిలో మూడు ఎక్కడ పోయాయో నేను చెప్పగలను. జయలక్ష్మికి ఇరవై ఏడు. మరుసటి ఏడాది జనవరిలో వాళ్ళు బయల్దేరిన రోజు నేనూ ఓబులేసూ పెనుకొండ హైవే దగ్గర బస్సు ఎక్కించాం. అవ్వ కూడా వచ్చింది. నేను ఆమెను చూడడం అదే మొదలు. “అరవై ఏడొచ్చినాయా పంతులమ్మా?” అని అడిగింది. వచ్చాయన్నాను. నాగరత్న మెట్టు మీద నిలబడి “వెంగో మేడం” అంది.

ఆ తర్వాత అదే కేంద్రంలో ఇంకో రెండు బ్యాచ్‌లకు పాఠం చెప్పి మానుకున్నాను. నా పద్ధతిలో చేసిన మార్పు ఒక్కటే. మొదటి రోజు వ్యాకరణం మొదలుపెట్టకముందు, మీ ఇంట్లో అనకూడని మాటలేవి, అంటే ఎవరు ఏమి చెప్పి విరుస్తారు అని ఒక్కొక్కరినీ అడిగేదాన్ని. ఆరు రూపాలూ మారే క్రియ కష్టమైనది కాదు, పది సార్లు చెబితే వస్తుంది. ఇంట్లో ఎవరూ పలకని క్రియ కష్టమైనది. దాన్ని ఒక మనిషికి ఒంటరిగా నేర్పకూడదు, తిరిగి పలికేవాళ్ళు చుట్టూ ఉన్నప్పుడే నేర్పాలి. వీలైతే బుధవారం.